పోడు రైతు బిడ్డకు ఫారెస్టు కొలువు

సమస్య: మాది గోదావరి ఒడ్డున ఏజెన్సీ గ్రామం. నాకు 22 ఏళ్ళు. డిగ్రీ పూర్తిచేసి బీట్ ఆఫీసర్ పరీక్షకు చదువుతున్నాను. చిన్నప్పుడు వాగు దగ్గర ఉచ్చులో పడ్డ దుప్పిని చూశాను. కాలు తెగేదాకా గుంజుకుని గుంజుకుని చచ్చిపోయింది. ఉచ్చు పెట్టిందెవరో ఊరందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పటినుంచి ఈ ఉద్యోగం మీదే మనసు. కానీ మాది అడవి భూమిలో పోడు సాగుచేసే కుటుంబం. 2023లో పట్టా వచ్చేదాకా ఆ చేను ఉంటుందో పోతుందోనని బిక్కుబిక్కుమంటూ బతికాం. "ఖాకీ వేసుకుంటే మన గడప తొక్కకు" అంటున్నారు నాన్న. ఎవరైనా చంపేస్తారని అమ్మ ఏడుస్తోంది. ఏం చేయను?

సలహా: అమ్మా, మీ అమ్మది ఉత్త భయం కాదు. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలంలో రేంజి ఆఫీసర్ శ్రీనివాసరావు గారిని పోడు తగాదాలో నరికి చంపారు. ఆ తర్వాత సిబ్బంది తమకు ఆయుధాలు కావాలని గట్టిగా అడిగారు. ఈ ప్రమాదం సంగతి తెలిసే ఉద్యోగంలోకి దిగాలి.

ఇక నాన్నగారి కోపం. 2005 డిసెంబరు 13కు ముందునుంచీ గిరిజనులు సాగుచేస్తున్న అటవీ భూమికి 4 హెక్టార్ల వరకు హక్కు ఇచ్చింది 2006 అటవీ హక్కుల చట్టం. మీ పట్టాకు మూలం అదే. రేపు నువ్వు అమలు చేయాల్సింది 1972 వన్యప్రాణి చట్టం, 1967 అటవీ చట్టం. పాత పోడు ఏదో, నిన్న నరికిన అడవి ఏదో తేడా తెలిసిన మనిషి బీటులో ఉంటే ఎన్ని గొడవలు మొదట్లోనే ఆగిపోతాయో! పోడు ఇంట్లో పుట్టినదానివి గనుకే నువ్వు ఈ ఉద్యోగానికి కావాలంటాను.

ఆ దుప్పి సంగతి చదివి నాకూ మనసు కలుక్కుమంది. వేటగాణ్ణి పట్టుకోవడంతో పని అయిపోదమ్మా. ఉచ్చు ఎక్కడ దొరికింది, ఎన్ని గంటలకు, ఎవరి ఎదుట స్వాధీనం చేసుకున్నారు, మాంసం ముక్కకు సీలు ఎవరు వేశారు, ఇవన్నీ పంచనామాలో ఉండాలి. ఆ ముక్క ఏ జంతువుదో హైదరాబాదులో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల డీఎన్‌ఏ పరీక్షతో తేలుస్తుంది. కానీ రాతలో తప్పులుంటే, సాక్షి మాట మారిస్తే కేసు కోర్టులో నిలవదు. పులి వంటి జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలుందని చట్టం చెబుతున్నా, శిక్ష పడాలంటే నీ పంచనామా గట్టిగా ఉండాలి. ఉచ్చులే కాదు, అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలు మనుషులనూ చంపుతున్నాయి. ఇది ఊళ్ళో ముందే చెప్పి ఒప్పించడం కేసు రాయడం కన్నా పెద్ద పని.

పరీక్ష గురించి రెండు మాటలు. ఇంటర్ చదివితే చాలు. 4 గంటల్లో ఆడవాళ్ళు 16 కిలోమీటర్లు, మగవాళ్ళు 25 కిలోమీటర్లు నడవాలి. ఇప్పటినుంచే తెల్లవారుజామున నడువు, నాన్నను తోడు రమ్మను. దారి పొడవునా ఆయన గోడు ఆయన్ను చెప్పుకోనివ్వు, మధ్యలో వాదించకు.

ఉద్యోగం వచ్చాక మొదటే సొంత ఊరు కావాలని అడగకు. ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావాల్సి రావచ్చు. ఆ ఉచ్చు పెట్టినవాడి పేరు నీకు తెలుసు. అతను మళ్ళీ పెడితే కేసు రాస్తావా? బాబాయి కొత్తగా అడవి నరికితే? బాగా ఆలోచించుకుని, ఆ జవాబు ముందు నాన్నకు చెప్పు.