మొలలే కదా అని ఊరుకోకండి

నలుగురిలో మాట్లాడటానికి మనం సిగ్గుపడే ఒక విషయాన్ని ఈ నెల పాఠంగా తీసుకుందాం. అది మలంలో రక్తం పడటం.

చాలా ఏళ్ల క్రితం, వేరొక ఆసుపత్రిలో నేను వార్డు సిస్టర్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయన నీరసంతో చేరారు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది. "దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడుతుందాండీ?" అని అడిగాను. "పడుతుందమ్మా. పాత మొలలే, పదేళ్లుగా ఉన్నాయి" అన్నారు. నేను కేసు షీటులో "మొలలు" అని రాశాను. రక్తం ఎక్కించి, ఐరన్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఏడు నెలలకు ఆయన కడుపు ఉబ్బి తిరిగి వచ్చారు. పెద్దప్రేగు గడ్డతో మూసుకుపోయింది, జబ్బు కాలేయానికి పాకింది. "ఈ మధ్య విరేచనం తీరు ఏమైనా మారిందా?" అనే రెండో ప్రశ్న నేను ఆ మొదటి రోజే అడగవలసింది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

వ్యాధి ఎలా మొదలవుతుంది?

పెద్దప్రేగు క్యాన్సర్ చాలావరకు ప్రేగు లోపలి పొర మీద పులిపిరి లాంటి చిన్న బుడిపెతో మొదలవుతుంది. దీనిని పాలిప్ అంటారు. అన్ని పాలిప్‌లూ క్యాన్సర్ కావు. అయ్యేవాటికి కూడా సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆ లోపల పాలిప్‌ను తీసివేస్తే అక్కడ క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు. ముందస్తు పరీక్ష వలన లాభం ఇదే.

ఏ లక్షణాలుంటే డాక్టరును కలవాలి?

1. మలంలో రక్తం, లేదా తారులా నల్లని మలం.
2. మూడు వారాలు దాటినా తగ్గని మలబద్ధకం లేదా విరేచనాలు.
3. కారణం తెలియని రక్తహీనత, ముఖ్యంగా మగవారిలోను, ముట్లుడిగిన స్త్రీలలోను.
4. కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం.
5. ముద్ద మింగేటప్పుడు గొంతులో గానీ రొమ్ములో గానీ అడ్డుపడటం. ఇది అన్నవాహిక క్యాన్సర్ లక్షణం కావచ్చు.

వీటిలో ఏదైనా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని భయపడకండి. మొలల వలన కూడా రక్తం పడుతుంది. అయితే మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని లేదు. పరీక్ష చేయకుండా ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

ఏ పరీక్షలున్నాయి?

మొదటిది మల పరీక్ష. కంటికి కనబడని రక్తాన్ని కూడా ఇది పట్టిస్తుంది. లక్షణాలు లేనివారికి ఏడాదికొకసారి చేస్తారు. ఇందులో రక్తం కనబడితే కొలనోస్కోపీ తప్పనిసరి. లక్షణాలున్నవారు మాత్రం మల పరీక్ష బాగుందని ఆగిపోకూడదు.

రెండవది కొలనోస్కోపీ. సన్నని కెమెరా గొట్టంతో ప్రేగు లోపల చూస్తారు. పాలిప్ ఉంటే అప్పుడే తీసి బయాప్సీకి పంపుతారు. ముందురోజు తేలికపాటి ఆహారం తిని, మందు కలిపిన నీళ్లు తాగి ప్రేగు శుభ్రం చేసుకోవాలి. రక్తం పలుచబడే మాత్రలు, షుగరు మందులు వాడేవారు ముందే చెప్పాలి. మత్తు ఇస్తారు కనుక తోడు ఒకరు రావాలి.

అమెరికాలో నిపుణుల సంఘం 2021లో ఈ పరీక్షలు మొదలుపెట్టే వయస్సును 50 నుండి 45కు తగ్గించింది. మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ పరీక్షలున్నాయి గానీ పెద్దప్రేగుకు అలాంటి కార్యక్రమం లేదు. కాబట్టి మనమే అడిగి చేయించుకోవాలి. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో ఎవరికైనా ఈ జబ్బు వచ్చి ఉంటే 40 ఏళ్లకు, లేదా వారికి వచ్చిన వయస్సుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు డాక్టరును కలవండి.

జబ్బు తేలితే?

ఇక్కడ ఒక్క డాక్టరు చాలరు. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు, స్కాన్ చూసేవారు, బయాప్సీ చదివేవారు కూర్చుని ఒక్కొక్క కేసు చర్చిస్తారు. దీనిని ట్యూమర్ బోర్డు అంటారు. ఎందుకంటే వరుస ముఖ్యం. పురీషనాళ క్యాన్సర్ ముదిరి ఉంటే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేస్తారు. తొందరపడి ముందే కోస్తే ఆ మేలు పోతుంది. "మా కేసు బోర్డులో చర్చించారా?" అని అడగడం మీ హక్కు. ఎవరూ తప్పుపట్టరు.

ఈ జట్టులో నర్సులు, డైటీషియన్, కౌన్సిలర్ కూడా ఉంటారు. కొందరికి పొట్ట మీద మలద్వారం, అంటే స్టోమా, పెట్టవలసి వస్తుంది. ఆపరేషన్‌కు ముందే నర్సు మిమ్మల్ని కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి స్థలం గుర్తుపెడుతుంది. చీర కుచ్చిళ్లు, పంచె ముడి ఎక్కడ పడతాయో అప్పుడే చూపించండి. సంచి మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తే చర్మం చెడదు, వాసనా రాదు. చాలామందికి అది కొంతకాలమే ఉంటుంది. శాశ్వతంగా ఉన్నవారు కూడా పొలం పనికి, పెళ్లిళ్లకు, ఆరాధనకు వెళ్తున్నారు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకండి. రాత్రయినా ఆసుపత్రికి తీసుకురండి. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకున్నవారికి కొన్ని రోజులు చల్లని నీరు తగిలితే చేతులు, గొంతు జివ్వుమంటాయి. ఫ్రిజ్ నీళ్లు ఇవ్వకండి. పత్యం పేరుతో గుడ్డు, పప్పు, పెరుగు మాన్పించకండి. బలం తగ్గితే వైద్యం కూడా ఆగుతుంది.

ఈ వారమే ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవారిని పక్కకు పిలిచి నెమ్మదిగా రెండు ప్రశ్నలు అడగండి. "రక్తం ఏమైనా పడుతుందా? విరేచనం తీరు మారిందా?" అవునంటే, ఓ.పి. చీటీ రాయించుకుని వారితో కూడా మీరే రండి.