గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక చారిత్రక నేరారోపణను, దాని వెనుక ఉన్న కుటుంబ సంబంధాలను, అందులోనుండి పుట్టిన సాహిత్యాన్ని కలిపి పరిశీలించడం, ఐతిహ్యానికీ చరిత్రకూ గల భేదాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

తెలుగు వాగ్గేయకారులలో భక్త రామదాసు స్థానం విశిష్టమైనది. ఆయన కీర్తనలు వినని తెలుగు ఇల్లు అరుదు. అయితే ఆ కీర్తనలలో అనేకం ఒక ప్రభుత్వోద్యోగి చెరసాలలో ఉండి పాడినవని, అతనిపై మోపబడిన నేరం రాజధనాన్ని సొంత నిర్ణయంతో వ్యయం చేయడమని మనం తరచు మరచిపోతుంటాము.

రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న. స్వగ్రామం నేటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. ఆయన వంశ వృత్తాంతానికి ముఖ్యమైన ఆధారం ఆయన రచించిన దాశరథీ శతకమే. తాను లింగన మంత్రి కుమారుడననీ, అత్రి గోత్రజుడననీ, కంచర్ల వంశంలో జన్మించాననీ కవి అందులో చెప్పుకొన్నాడు. తల్లి కామాంబ. గోల్కొండ రాజ్యంలో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు ఆయనకు మేనమామలని సంప్రదాయం చెబుతున్నది.

1672లో గోల్కొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ కుతుబ్‌షాను ప్రజలు తానీషా అని పిలిచేవారు. ఆయన కొలువులో మాదన్న సుమారు 1674లో ప్రధానమంత్రి అయ్యాడు. మేనమామల పలుకుబడితోనే గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు పదవి లభించిందని కథ. ఆ పరగణాలోనిదే గోదావరీ తీరాన ఉన్న భద్రాచలం. అక్కడి స్వామికి ఆలయం, ప్రాకారాలు, ఆభరణాలు సమకూర్చడానికి గోపన్న శిస్తు సొమ్మును వినియోగించాడు. ఆ మొత్తం ఆరు లక్షలని జనశ్రుతి. ఖజానాకు చేరవలసిన ధనం చేరకపోవడంతో తానీషా ఆయనను గోల్కొండ కోటలో బంధించాడు.

కోటలో బాలాహిసార్‌కు ఎక్కే దారిలో, అంబర్‌ఖానాకు సమీపాన, రామదాసు బందిఖానాను నేటికీ చూడవచ్చు. దాని గోడపై సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపాలు చెక్కి ఉన్నాయి. అవి గోపన్న చేతిపనియేనని సందర్శకుల విశ్వాసం.

ఆయన అక్కడ పన్నెండేండ్లు ఉన్నాడని కథ చెబుతున్నది. ఇచ్చట విద్యార్థులు ఒక లెక్క వేసి చూడాలి. మాదన్న ప్రధాని అయినది 1674 ప్రాంతంలో. అన్నదమ్ములిద్దరూ హత్యకు గురైనది 1685-86లో. ఈ రెంటి నడుమ ఉన్న కాలమే ఇంచుమించు పన్నెండేండ్లు. ఉద్యోగం, శిస్తు వసూలు, ఆలయ నిర్మాణం, కారాగారవాసం, విడుదల అన్నీ అందులో ఇమడడం కష్టం. పాండవుల అరణ్యవాసం వలె ఈ పన్నెండును కూడా కష్టకాలానికి మన కథలు ఇచ్చే సంఖ్యగా గ్రహించడం ఉచితం. అంతమాత్రాన చెర అబద్ధమని భావించరాదు.

రాజ్యమంతటినీ నడిపిన మేనమామలు మేనల్లుణ్ణి ఎందుకు విడిపించలేదు? వారి పదవిని చూసి అసూయపడేవారు కొలువులో ఉండేవారు. అటువంటి స్థితిలో ఖజానాకు బాకీపడిన సొంత బంధువును వదిలివేస్తే, ఆ నింద వారిపైకే వచ్చేది. పదవిని ఇప్పించగలిగిన బంధుత్వం లెక్క అప్పగించే బాధ్యతనుండి తప్పించలేకపోయింది.

చెరసాలలో గోపన్న తన బంధువులను కాక స్వామి బంధువులను ఆశ్రయించాడు. తన మాట భర్త చెవిన వేయమని సీతమ్మను తల్లిగా భావించి వేడుకొన్నాడు. మరొక కీర్తనలో ప్రాకారానికి, భరతుని పతకానికి, శత్రుఘ్నుని మొలత్రాటికి, సీతమ్మ చింతాకు పతకానికి పదేసి వేల చొప్పున అయిన వ్యయాన్ని పద్దుల వారీగా అప్పగించాడు. ఆ సొమ్ము నీ తండ్రి దశరథుడు ఇచ్చాడా, నీ మామ జనకుడు పంపాడా అని నిలదీశాడు. వెంటనే, దెబ్బలకు తాళలేక తిట్టానని క్షమాపణ కోరాడు. ఒక తహశీల్దారు లెక్కల పుస్తకం కీర్తనగా మారిన అపూర్వ ఘట్టమిది. ఖర్చు చేయలేదని ఆయన ఎక్కడా బొంకలేదు.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీల వేషంలో వచ్చి ఆరు లక్షలు చెల్లించి గోపన్నను విడిపించారని ప్రజలు చెప్పుకొంటారు. ఈ కథలో ఒక సూక్ష్మం ఉన్నది. దేవుడు బాకీని కొట్టివేయలేదు. తానీషాను శిక్షించనూ లేదు. పూర్తి పైకం అప్పగించి చెల్లుచీటీ పుచ్చుకొన్నాడు. గోపన్నను భక్తశిఖామణిగా పూజించే ప్రజలే ఆయన చేతిలోనిది ప్రజాధనమని ఒప్పుకొన్నారు. భక్తి ఎంత గొప్పదైనా అప్పు అప్పేనన్న నీతిని ఈ కథ దాచుకొన్నది.

కాలం అందరి లెక్కలూ తేల్చింది. మేనమామలు హతులయ్యారు. 1687లో ఔరంగజేబు సైన్యానికి గోల్కొండ వశమైంది. గోపన్నను బంధించిన తానీషాయే దౌలతాబాద్ కోటలో బందీ అయి, అక్కడే కన్నుమూశాడు. అయినా భద్రాద్రి సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం పక్షాన ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని ప్రజలు ఆయన పేరుతోనే ముడిపెట్టుకొన్నారు. అధికారం, బంధుబలం నిలువలేదు. చెరలో పుట్టిన పాట నిలిచింది.

ఆలోచించి రాయండి

1. గోపన్న చేసిన పని నేరమా, సేవయా? ఇరుపక్షాల వాదాలను తెలిపి మీ అభిప్రాయం రాయండి.
2. పన్నెండేండ్ల చెర అనే కథనాన్ని ఈ పాఠం ఎట్లా పరిశీలించింది?
3. ‘చెల్లుచీటీ’ ప్రస్తావన ద్వారా జానపదుల న్యాయదృష్టిని వివరించండి.