తాబేలు ముక్కు మూసికొనిపోయినచో

చిత్తూరు, అనంతపురము మెట్ట నేలలలో కనబడు నక్షత్ర తాబేలును పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చుట మీరెరుగుదురు. 1998లో సైబర్ టవర్సు తెరచిన పిమ్మట హైదరాబాదు మాదాపూరు, గచ్చిబౌలి చుట్టుప్రక్కల లేచిన మేడలలో మన బిడ్డలు పలువురు కాపురమున్నారు. వాస్తు పేరు చెప్పి గదిలో తాబేలును ఉంచువారు అక్కడ కలరు. అది మేత మాని, ముక్కున బుడగలు విడుచుచున్నచో, పశువుల సంగతి తెలిసినవారని మిమ్ములనే అడుగుదురు.

ఎద్దు జలుబువలె దీనిని ఎంచరాదు. తాబేలు తన ఒంటిలో వేడి పుట్టించుకొనలేదు, ఎండనుండి తెచ్చుకొనవలెను. సుమారు 27 నుండి 32 డిగ్రీల వేడిమి ఉన్నపుడే దాని ఒళ్లు రోగమునకు ఎదురు నిలువగలదు. 20, 22 డిగ్రీల ఏ.సి. గది దానికి చెరసాలయే. పైగా దాని పక్కటెముకలు చిప్పతో అతుకుకొని యుండును. రొమ్మునకు పొట్టకు నడుమ మనకుండు పొర దానికి లేదు. కాళ్ల మొదళ్లను, పొట్ట కండరములను ఆడించి గాలి పీల్చును. మనవలె దగ్గి చీమిడిని వెడలగొట్టలేదు గనుక, అది ఊపిరితిత్తులలోనే నిలిచి న్యుమోనియాగా మారును.

మెడ చాచి నోటితో గాలి పీల్చుచున్నచో ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను. కళ్లు ఉబ్బినచో ఎ విటమిను లోపము కూడ ఉండవచ్చును. నీటి తాబేలైనచో ఒక ప్రక్కకు ఒరిగి తేలును. వైద్యుడు చూచువరకు వెచ్చని చోట ఉంచి, గడ్డము మునుగనంత గోరువెచ్చని నీటిలో పావుగంట నిలుపుడు, దగ్గరనే ఉండుడు. ముక్కులో నూనె, తలనొప్పి మందు వేయవద్దు. అన్నిటికంటె ముఖ్యము, పశువుల పురుగులకు వాడు ఐవర్‌మెక్టిన్ ఇయ్యరాదు. మన పశువులకు మేలు చేయు ఆ మందే తాబేలును చంపును.

ఇక మందుకంటె ముందు చెప్పవలసిన మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నక్షత్ర తాబేలును ఇంట ఉంచుట నేరము. బిడ్డ నొచ్చుకొన్నను సరే, అటవీశాఖవారికి అప్పగింపుమని చెప్పుడు. జాలిపడి తిరిగి చేలో వదలుట ఇంకను చెడ్డది. ఈ జలుబు పుట్టించు మైకోప్లాస్మా అను సూక్ష్మజీవి ఒకదానినుండి మరియొకదానికి అంటును. బయటి తాబేళ్లకును పాకును.

చేలో కనబడినదానిని మాత్రము ముట్టకుడు. ట్రాక్టరు దారిలో ఉన్నచో ఎత్తి, అది పోవుచున్న వైపుననే గట్టు ప్రక్కన దించుడు.