వేసవి స్నోబోర్డు శిబిరమునకు సన్నాహము

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున 11,000 అడుగులకు మించిన హుడ్ పర్వతము కలదు. అందలి పామర్ హిమక్షేత్రమున వేసవియందును మంచు నిలుచుటచే బాలబాలికలకు స్నోబోర్డు శిబిరములు జరుగుచుండును. అందు జేరువారు చేయవలసిన సన్నాహమును మనము విచారింతము.

మొదటిది దేహసాధన. కొన్ని వారములు ముందే పరుగు, గుంజీలు అభ్యసించి కాళ్లకు బలము చేకూర్చుకొనవలెను. పాదములు రెండును పలకకు బంధింపబడుటచే తూలినవాడు చేతులూని పడును. క్రొత్తవారికి మణికట్టు విరుగుట తఱచు. కావున శిరస్త్రాణముతోబాటు మణికట్టు కాపులును ధరింపవలెను.

రెండవది నేత్రరక్షణము. క్రొత్తమంచు అతినీలలోహిత కిరణములను నూటికి 80 వంతులవరకు ప్రతిఫలింపజేయును. నల్లకళ్లద్దములు లేనిచో కన్నులు మండి చూపు మందగించును.

మూడవది వేళ. రాత్రి గట్టిపడిన మంచు మధ్యాహ్నమునకు మెత్తబడి పలకను పట్టును. కావున వేకువనే లేచుట మన మలవరచుకొనవలెను.

సన్నాహమే సాహసమునకు రక్ష.