బేబీ గారి పాట

అక్కలారా! పనిలో మనం పాడుకుంటాం కదా! జగ్గయ్యపేట వైపు పత్తి తీస్తూ పాడతాం. నందిగామ వైపు మిరపకాయలు కోస్తూ పాడతాం. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు పోతూ తిరుపతమ్మ తల్లి మీద పాడతాం. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు.

పాట కూడా ఒక పనే. దానికీ కూలి ఉంది. ఈ మాట ఎప్పుడైనా అనుకున్నామా? మనలాంటి ఒక అక్క కథ చదవండి.

ఆమె పేరు పసల బేబీ. ఊరు తూర్పు గోదావరి జిల్లా వడిసలేరు. కూలి పని చేసుకుని బతికే మనిషి. ఏ గురువు దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. పాటలు విని విని నేర్చుకున్నారు.

2018లో ఆమె 'ఓ చెలియా' అనే సినిమా పాట పాడారు. అది 1994లో వచ్చిన 'ప్రేమికుడు' సినిమాలోది. ఆమె పాడుతుంటే సెల్‌ఫోనులో వీడియో తీశారు. ఆ వీడియో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోయింది. ఊళ్లు దాటింది. ఆ పాటకు బాణీ కట్టింది ఎ.ఆర్. రెహమాన్ గారు. చివరికి ఆయనే చూశారు! మెచ్చుకుని అందరికీ చూపించారు.

సినిమా నటుడు చిరంజీవి గారు బేబీ గారిని ఇంటికి పిలిపించారు. సంగీత దర్శకుడు కోటి గారు ఆమెతో పాట పాడించారు. 2020లో 'పలాస 1978' సినిమా వచ్చింది. దానికి సంగీతం రఘు కుంచె గారిది. అందులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారితో కలిసి బేబీ గారు పాడారు. బాలు గారు అదే ఏడు సెప్టెంబరులో కన్నుమూశారు.

పాట ఎలా రికార్డు చేస్తారు? బయటి చప్పుడు రాని గది ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోను పెడతారు. అందులో సంగీతం వినబడుతుంది. ఎదురుగా మైకు ఉంటుంది. పాట రాసిన కాగితం ఉంటుంది. తప్పు పోతే మళ్లీ పాడిస్తారు. చదవడం రాకపోయినా విని పాడవచ్చు.

కాని ఇంకో కాగితం ఉంటుంది. అదే ఒప్పందం. అది పాడదు, మాట్లాడదు. దాన్ని చదివితేనే తెలుస్తుంది. డబ్బు ఎంత? ఎప్పుడు ఇస్తారు? మన పేరు వేస్తారా? ఆ పాటతో తర్వాత డబ్బు వస్తే మనకు వాటా ఉందా? 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చారు. పాటను వ్యాపారానికి వాడితే పాడినవారికీ వాటా హక్కు ఉంది. దాన్ని రాయల్టీ అంటారు.

పాటకైనా, పొలం కౌలుకైనా, అప్పుకైనా ఇదే మాట. చదవకుండా వేలిముద్ర వేయకండి. చదవకుండా సంతకమూ చేయకండి. అర్థం కాకపోతే అడగండి. అడగడం సిగ్గు కాదు.

గొంతు మనకు పుట్టుకతో వచ్చింది. అక్షరం మనం కష్టపడి తెచ్చుకున్నాం. గొంతు మనల్ని నలుగురిలోకి తీసుకుపోతుంది. అక్కడ మోసపోకుండా అక్షరం కాపాడుతుంది.

కొత్త మాటలు
బాణీ: పాట పాడే తీరు
ఒప్పందం: ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న మాట
రాయల్టీ: పాట మీద వచ్చే డబ్బులో వాటా

జవాబులు చెప్పండి
1. బేబీ గారు పాటలు ఎలా నేర్చుకున్నారు?
2. సంతకం పెట్టేముందు ఏమేమి చూడాలి?

రాయండి
మీ అమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి రాయండి. కింద మీ పేరు, ఊరు, తేదీ రాయండి. మీ గుంపులో చదివి వినిపించండి.