ఇంటివద్ద యంత్రంతో కారు కడగడం: ఏ నీటితో, ఏ విధంగా

బెంగళూరులో వేసవి ముదిరేకొద్దీ అపార్ట్‌మెంట్ల నోటీసు పలకలపై ఒక కన్నడ మాట తరచుగా కనబడుతుంది: ‘కుడియువ నీరు’. తాగునీరు అని దాని అర్థం. కన్నడ అక్షరాలను కూడబలుక్కొని చదివే తెలుగువారిలో పలువురు ఆ నోటీసు సారాన్ని ‘కారు కడగరాదు’ అని ఒక్క ముక్కలో గ్రహిస్తారు. నిజానికి నిషేధం కడగడంపై కాదు, తాగునీటితో కడగడంపై. ఈ భేదం తెలియనివారిలో కొందరు భయపడి బండిని నెలల తరబడి దుమ్ములో వదిలివేస్తారు. మరికొందరు, తమ ఇంట ఉన్న ప్రెషర్ వాషర్ నీటిని పొదుపు చేస్తుందన్న ధైర్యంతో దానిని నేరుగా కావేరి కుళాయికే తగిలిస్తారు. రెండవవారికి జరిమానా తప్పదు. యంత్రం ఎంత పొదుపైనదో నియమం అడగదు. అందులోకి వెళ్లిన నీరు ఏదో మాత్రమే అడుగుతుంది.

2023లో వానలు సరిగా కురవకపోవడంతో మరుసటి వేసవిలో నగరంలోని వేలాది బోరుబావులు ఎండిపోయాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి వాహనాలు కడగడానికి, తోటపనికి, కట్టడాలకు, అలంకారపు ఫౌంటెన్లకు తాగునీటి వాడకాన్ని నిషేధించింది. ఉల్లంఘనకు 5,000 రూపాయల జరిమానా. తిరిగి ఉల్లంఘిస్తే మరో 5,000తోపాటు రోజుకు 500 చొప్పున అదనం. అదే ఏడాది అక్టోబరులో కావేరి ఐదవ దశ ప్రారంభమై, రోజుకు 77.5 కోట్ల లీటర్ల అదనపు సరఫరాకు మార్గం ఏర్పడింది. ఇక చింత లేదని చాలామంది భావించారు. కాని 2025 ఫిబ్రవరిలోనే అదే నిషేధం తిరిగి వెలువడింది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి, దశలవారీగా పంపులతో ఎత్తుకు తోడి తెచ్చే నీరు ఇది. దానిని టైర్ల మట్టి వదిలించడానికి ఖర్చు చేయడం ఎంతవరకు సబబో పాఠకులే ఊహించగలరు.

ఇక యంత్రం సంగతి. మూడంతస్తుల మేడపై ఉన్న ట్యాంకు నుండి కింది కుళాయికి వచ్చే నీటి ఒత్తిడి సుమారు ఒక బార్. ఇళ్లలో వాడే ప్రెషర్ వాషర్ అదే నీటిని లోపలి పంపుతో 100 బార్లకు, కొన్ని రకాలలో అంతకంటె ఎక్కువకు పెంచి సన్నని నాజిల్ గుండా వెలువరిస్తుంది. కారు టైరులోని గాలి ఒత్తిడితో పోల్చితే ఇది నలభై రెట్లకు పైమాటే. నీటి వేగమే మట్టిని ఊడదీస్తుంది గనుక పరిమాణం తక్కువగా సరిపోతుంది: నిమిషానికి ఆరేడు లీటర్లు. మామూలు పైపు నుండి నిమిషానికి పదిహేను లీటర్లు, ఒక్కొక్కచోట ఇరవై కూడా పోతాయి. పైగా కారును రుద్దుతున్నంతసేపూ ఆ పైపు నేలమీద పారుతూనే ఉంటుంది. యంత్రపు గన్‌పై మీట వదలగానే నీరు ఆగుతుంది. నీరు పారే సమయం ఆరు నిమిషాలకు మించకపోతే ఒక కారుకు నలభై లీటర్లు చాలు. పైపుతో పావుగంట కడిగితే రెండు వందల లీటర్లు దాటుతాయి.

అయితే ఒక సత్యాన్ని దాచరాదు. రెండు బకెట్లు, రెండు గుడ్డలతో ఓర్పుగా తుడిచే మనిషి ముప్ఫై లీటర్లతోనే పని ముగిస్తాడు. యంత్రం పైపు కంటె మేలు, బకెట్టు కంటె కాదు. అడుగుభాగంలోను, చక్రాల పైకమానులలోను పేరుకున్న ఎర్రమట్టిని వదిలించవలసినపుడే యంత్రం తన విలువ చూపుతుంది. రోజువారీ దుమ్ముకు తడిగుడ్డ చాలు.

కొనే ముందే ఒక విషయం విచారించాలి: డ్రమ్ము నుండి నీటిని స్వయంగా పీల్చుకొనే వసతి ఆ యంత్రానికి ఉన్నదా? ఇది లేని యంత్రానికి కుళాయి ఒత్తిడి తప్పనిసరి. అంటే అనేక ఇళ్లలో సంపులోని కావేరి నీరే గతి. వసతి ఉన్న యంత్రానికి పీల్చే గొట్టం, దాని చివర జల్లెడ వంటి ఫిల్టరు అమర్చి ఏ డ్రమ్ములోనైనా ముంచవచ్చు. డ్రమ్ము ఖాళీ అయిన తరువాత కూడా యంత్రాన్ని తిప్పితే పంపులోని సీళ్లు వేడెక్కి పాడవుతాయి.

డ్రమ్ములోకి చేరవలసిన నీటిలో వాననీరు ఉత్తమం. నూరు చదరపు మీటర్ల మేడపై 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,000 లీటర్లు. అందులో కొంత ఆవిరికి, తొలి మురికికి పోయినా మిగిలిన నీరు ఒక కారుకు ఎన్నో నెలలు వస్తుంది. వాననీటిలో లవణాలు లేనందున అద్దాలపై తెల్లని మచ్చలు పడవు. ఆర్‌ఓ యంత్రం విడిచిపెట్టే నీరు దీనికి విరుద్ధం: లవణాలు ఎక్కువ. దానితో మట్టి వదిలించవచ్చు గాని, ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. వాషింగ్ మెషీన్ చివరిసారి జాడించిన నీటిని బకెట్టుతో టైర్లకు వాడవచ్చు. అందులోని నూలుపోగులు ఫిల్టరును మూసివేస్తాయి గనుక యంత్రానికి పెట్టరాదు. అపార్ట్‌మెంటులో శుద్ధిచేసిన మురుగునీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రెషర్ వాషర్ నీటిని సన్నని తుంపరగా మార్చుతుంది. ఆ తుంపర శ్వాసతో లోపలికి పోతుంది. శుద్ధిలో లోపముంటే సూక్ష్మక్రిములు కూడా వెంట పోతాయి. ఆ నీటిని బకెట్టుకే పరిమితం చేయడం క్షేమం.

కడిగే క్రమం సులభమే. బండిని నీడలో నిలిపి బానెట్ చల్లారనివ్వాలి. వేడి రేకుపై సబ్బు ఎండి చారలు కడుతుంది. ముందుగా చక్రాలు, తరువాత పైకప్పు నుండి కిందికి. మొదటి విడత నీటితో మాత్రమే, చేయి తగలకుండా కడగాలి. ఇసుక రేణువులు ఉండగానే గుడ్డతో రుద్దడమే రంగుపై గీతలకు మొదటి కారణం. తరువాత కారు షాంపూ. బట్టల సబ్బుపొడి రంగుపై ఉన్న మైనపు పొరను తొలగిస్తుంది. యంత్రంతోపాటు వచ్చే నాజిళ్లలో నీటిని విసనకర్ర వలె విప్పార్చేది, అంటే 40 డిగ్రీల తెల్లని నాజిల్, కారుకు తగినది. సూదివంటి ధార వెలువరించే సున్నా డిగ్రీల ఎర్రని నాజిల్‌ను కారు దగ్గరకు తేరాదు. రంగుకు కనీసం ఒక అడుగు దూరం పాటించాలి. రంగు లేచిన చోట్ల, కిటికీల రబ్బరు అంచుల వద్ద, టైరు పక్కభాగాల వద్ద ఇంకా వెనుకకు జరగాలి. ముందరి జాలీ వెనుక ఉన్న ఏసీ రేకులు చాలా పలుచనివి, ఒక్క ధారకు వంగిపోతాయి. ఇంజిన్ గదిలోకి ధార పంపడం మరమ్మతు ఖర్చును కొనితెచ్చుకోవడమే.

అసలు ప్రమాదం కారుకు కాదు, మనిషికి. దగ్గర నుండి తగిలిన ధార చర్మాన్ని చీల్చి నీటిని కండరంలోకి పంపగలదు. పైకి సూదిగుచ్చినంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట తక్కువగా ఉండవచ్చు. లోపల మురికినీరు వ్యాపించి వేలు తీసివేయవలసిన స్థితి రావచ్చు. ఇటువంటి గాయానికి పసుపు అద్ది ఊరుకోరాదు. తక్షణం ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ వాషర్ ధార తగిలిందని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. చెప్పులు లేని కాలిపై బురద కడుక్కోవడానికి గన్ తిప్పడం పిల్లలు, పెద్దలు చేసే సాధారణ పొరపాటు. విద్యుత్తు విషయంలో ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ, కాళ్లకు రబ్బరు బూట్లు ఉండాలి. తడినేలపై పడి ఉండే ఎక్స్‌టెన్షన్ బోర్డును వాడరాదు.

అనేక ఇళ్లలో ఈ గన్ పట్టేది యజమాని కాదు. కాపలామనిషి, డ్రైవరు, లేదా తెల్లవారుజామున వరుసగా కార్లు కడిగే పనివాడు. అనంతపురం, కర్నూలు పల్లెల నుండి వచ్చినవారు వీరిలో ఉన్నారు. ఏ కుళాయికి పైపు తగిలించాలో నిర్ణయించేది వారు కారు, జరిమానా చీటీ అందేసరికి ఎదురుగా నిలిచేది మాత్రం వారే. ఆ సొమ్మును వారి జీతంలో కోయడం అన్యాయం. బూట్లు, కళ్లద్దాలు, వాననీటి డ్రమ్ము సమకూర్చడం యజమాని పని. ఏ నీరు వాడవలెనో వారికి తెలిసిన భాషలో చెప్పడం కూడా.

కడిగిన నీరు ఎటు పోతుందో కూడా చూడాలి. వీధికాలువ నుండి అది రాజకాలువెలోకి, అక్కడి నుండి చెరువులోకి చేరుతుంది. మధ్యలో శుద్ధి ఏదీ లేదు. 2015 నుండి కొన్నేళ్లపాటు బెళ్ళందూరు చెరువు నురుగు రోడ్లపైకి ఎగిరిపడటం నగరమంతా చూసింది. దానికి ముఖ్య కారణం శుద్ధిచేయని మురుగునీరు, అందులోని సబ్బులు. కార్ల సబ్బునీటి వాటా చిన్నదే గాని, దారి ఒక్కటే. వీలైతే బండిని సిమెంటు నేలపై కాక మట్టి లేదా గడ్డినేలపై నిలిపి కడగాలి. అయితే ఆ నీరు ఇంకుడుగుంతలోకి పోకూడదు. గుంత ద్వారా సబ్బు, నూనె నేరుగా భూగర్భజలంలో కలుస్తాయి. ఆయిలు కారుతున్న బండిని ఇంట కడగక వర్క్‌షాపుకు పంపాలి.

పని ముగిసిన పిమ్మట స్విచ్చి ఆపి, గన్ మీటను ఒకసారి నొక్కి గొట్టంలో మిగిలిన ఒత్తిడిని విడువాలి. ఆ తరువాతనే గొట్టం విప్పాలి. నిషేధపు ఆజ్ఞ ప్రస్తుతం అమలులో ఉన్నదో లేదో జలమండలి 1916 నంబరుకు ఫోను చేసి తెలుసుకోవచ్చు.