పెరటి కంప

జనగామ దాపున ఒక పల్లెలో మా పూర్వుల ఇల్లు కలదు. ఉద్యోగరీత్యా నేను మహబూబాబాదులో పదునాలుగేండ్లు ఉండుటచేత, పండుగనాడు వచ్చి తాళము తీయుట, మరునాడు వేయుట తప్ప ఆ యింటికి వేరు పోషణ లేకపోయెను. ముంగిలి చూచువారికి ఇల్లు బాగుగనే తోచెడిది. పెరడు మాత్రము సర్కారు తుమ్మతో, వయ్యారిభామతో, తుంగతో మనిషి దూరరాని చోటయ్యెను. మహబూబాబాదుకు మానుకోట యని వాడుక పేరు. మ్రానుల కోట యనునదే అట్లు మారినదని జనశ్రుతి. ఆ మానుకోటలో నేను పాఠములు చెప్పుచుండగా నా పెరటిలో మరియొకటి లేచినదని మా బావగారు పరిహసించెడివారు. నేనును నవ్వి యూరకుంటిని.

గత వర్షాకాలమున పొరుగింటి పెద్దమ్మ తెల్లవారుజామున దొడ్డి తలుపు తీయగా గడప ప్రక్కనే రక్తపింజరి చుట్టుకొని యుండెను. చేతిలో టార్చిలైటు ఉండబట్టి ఆమె కాలు వెనుకకు తీసికొనెను. ఆమె కుమారుడు నన్ను నిందింపలేదు. ఫోనులో ఒక్క మాట మాత్రము అనెను: "సారూ, కంప మీదేగానీ పాము అందరిదాయె." కాయకమును గూర్చి ముప్పదేండ్లుగా తరగతులలో చెప్పుచున్నవాడను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2019 సెప్టెంబరు 6న తెలంగాణ గ్రామములన్నిట ముప్పది దినముల ప్రణాళిక ఆరంభమైనది. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పల్లెలలోను నాడు వీధుల వెంట పొదలు కొట్టిరి, పాడుబడిన గోడలు కూల్చిరి, పనికిరాని బావులు పూడ్చిరి, శ్రమదానములు చేసిరి. అది మంచి పనియే. కాని వీధి ఎంత శుభ్రమైనను, తాళము వేసిన గోడకు లోపలనున్న పెరడు యజమాని పూనుకొననిదే బాగుపడదు.

డబ్బిచ్చి యంత్రమును పిలిపింపరాదా యని కొందరు అడిగిరి. భూపాలపల్లిలో మా చెల్లెలు తన స్థలమును జేసీబీతో ఒక పూటలో చదును చేయించెను. రెండు మంచి వానలు పడినంతనే తుమ్మ మరల చివురించెను. అమెరికా ఖండముల నుండి 19వ శతాబ్దిలో మన దేశమునకు తెచ్చిన చెట్టిది. నేలమట్టముగా నరికినచో మోడునుండి పది కొమ్మలు లేచును. వాన వెలిసి నేల మెత్తగా నున్నప్పుడు మొదలు చుట్టును అడుగు లోతు త్రవ్వి, వేరుతలతో కూడ పెల్లగింపవలెను. తుంగయు అట్టిదే, ఆకు పీకిన చేతికి వచ్చును గాని క్రింది గడ్డ మిగిలిపోవును. వయ్యారిభామకు వేరు బలము లేదు, విత్తనబలము కలదు. ఒక్క మొక్క వేలకొలది గింజలు రాల్చును. కావున పూయకమునుపే పీకవలెను. కొందరికి దాని స్పర్శ వలన దురద, పుప్పొడి వలన ఆయాసము కలుగును గనుక చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూయనిది ఎరువు గుంతలో వేయవచ్చును, పూచినది వేయరాదు.

మొదటి ఆదివారము నేను, మా అబ్బాయి మాత్రమే దిగితిమి. ఇంటి గోడనుండి వెలుపలి వైపునకు పనిచేయుచు పోతిమి. అట్లైన పాములు ఇంటిలోనికి గాక అవతలికి తొలగునని. ముందు పొడుగాటి కర్రతో తట్టి, ఆ తరువాతనే చేయి పెట్టితిమి. మధ్యాహ్నమునకు ఒక్క మోడు కదలినది. నా అరచేతులు బొబ్బలెక్కినవి. సాయము అడుగవలెనని యుండెను. ఏ మొగముతో అడుగుదును?

రెండవ ఆదివారము పిలువకయే పెద్దమ్మ కుమారుడు గడ్డపార భుజాన వేసికొని వచ్చెను. వెనుక ఇద్దరు గొడ్డళ్లతో వచ్చిరి. కూలి ఇవ్వబోగా, "పైసలిస్తే మళ్లా రాను సారూ" అనెను. నాలుగు ఆదివారములు వచ్చిరి. మొద్దులు వంటచెరకుగా పంచుకొంటిమి. ముండ్ల కంప వారి చేనికి వెలుగుగా పోయెను.

నులియ చందయ్య కథ మన పాఠకులెరుగనిది కాదు. ఆయన గడ్డి కోసి, నులక పేని, అమ్మి, దాసోహము చేసిన శరణుడు. నీటిలో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడెనట. ఆయన కోత మానక, మోపెత్తుకొని నడచిపోయెను. లింగమే వెంట వచ్చెనట. మడివాలు మాచయ్య నచ్చజెప్పవలసి వచ్చినది. చిన్ననాడు ఈ కథలో నాకు చందయ్య మొండితనము కనబడెడిది. బొబ్బలెక్కిన చేతులతో తలచినపుడు వేరొకటి తోచినది: లింగమునకైనను పని తప్పదన్న మనిషి ముందు, నా తాళము చెవి ఏమి విలువ గలది?

చివరి ఆదివారము మట్టిలో సగము కూరుకుపోయిన రాతి రోలు బయటపడెను. నేను దానిని గుర్తుపట్టలేదు. పెద్దమ్మ వచ్చి, కొంగుతో తుడిచి, "మీ నాయినమ్మ పసుపు కొమ్ములు దంచిన రోలు గదరా ఇది" అని దాని ప్రక్కనే కూర్చుండి చాలసేపు లేవలేదు.

కార్తికమున వారి చేనిలో పత్తి తీయుటకు పోయితిని. పని నాకు రాదు. పుల్ల, ఆకు రాకుండ దూదిని మాత్రము లాగుట పెద్దమ్మయే నేర్పెను. సాయంకాలము తూచి చూడగా నేను తీసినది ఆమె తీసినదానిలో మూడవవంతైనను లేదు. ఆమె నా మూట వంక చూచి నవ్వి, "ఇంకా మూడు ఐతారాలు బాకీ ఉన్నవు కొడుకా" అనెను.